కుళ్ళాయి: లేపాక్షి చిత్రాలలో ఒక వస్తువు, దాని సామాజిక చరిత్ర

17వ శతాబ్దపు డచ్చి చిత్రకారులు బల్లమీద పండ్లు, గాజుపాత్రలు, వెండిగిన్నెలు అమర్చి, మనిషి లేకుండానే అతని సంపదను, అభిరుచిని చిత్రించారు. ఈ నిశ్చల వస్తుచిత్రణ మన ఆలయచిత్రాలలో ప్రత్యేక ప్రక్రియగా కనిపించదు. ఇక్కడ వస్తువు మనిషి తలమీదనో, చేతిలోనో ఉంటుంది. అయినా దానిని విడిగా పరిశీలిస్తే, చిత్రంలోని పురాణకథ చెప్పని సంగతులు తెలుస్తాయి. లేపాక్షి చిత్రాలలోని కుళ్ళాయి ఇందుకు నిదర్శనం.

లేపాక్షి వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు విస్తరింపజేశారు. ఆలయపు కప్పుమీది చిత్రాలలో వారు పరివారంతో దర్శనమిస్తారు. వారి తలలపై ఎత్తైన కోసు టోపీలున్నాయి. ఇదే కుళ్ళాయి. ఈ పదానికి మూలం పారశీకంలోని ‘కులాహ్’. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న ఒక చాటువులో ఈ పదం ఉంది. అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ కూడా జరీ టోపీలను వర్ణిస్తూ ఈ పేరునే నమోదు చేశాడు.

విజయనగరాన్ని ఇస్లాంకు అడ్డుకట్టగా మాత్రమే చూసిన చరిత్రరచనకు ఈ టోపీ లొంగదు. కుళ్ళాయి, కబాయి అనే ఆస్థాన వేషాన్నీ, ‘హిందూరాయ సురత్రాణ’ బిరుదునూ కలిపి పరిశీలించిన ఫిలిప్ వాగనర్ (1996), రాయలు నాటి విశాల ఇస్లామిక ప్రపంచపు రాజసంస్కృతిలో భాగస్వాములయ్యారని వాదించారు. అయితే ఈ మార్పు అందరినీ తాకలేదు. లేపాక్షి చిత్రాలలోని స్త్రీలు రంగురంగుల అంచుల చీరలతోనే ఉన్నారు. తిరుమలలోని కృష్ణదేవరాయల లోహప్రతిమ మరో సూక్ష్మాన్ని చూపుతుంది. దైవసన్నిధిలో చేతులు జోడించిన రాయలకు పైవస్త్రం లేదు, కుళ్ళాయి మాత్రం ఉంది. పరదేశపు టోపీ అప్పటికే భక్తికి అడ్డురాని రాజచిహ్నమైంది.

తరువాతి కాలంలో ఆ పదం ఆస్థానం దాటింది. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం నాడు హిందువులు, ముస్లిములు కలిసి కొలిచే పీరు కుళ్ళాయిస్వామి. రాయలసీమ పల్లెలలో కుళ్ళాయప్ప అనే పేరు నేటికీ సాధారణం.

దాతల టోపీని చిత్రించిన కుంచె, ఆలయానికి రాళ్ళు మోసినవారి తలగుడ్డకు అంత చోటివ్వలేదు. చిత్రంలోకి ఏ వస్తువు వచ్చిందన్నది ఎంత ముఖ్యమో, ఏది రాలేదన్నదీ అంతే ముఖ్యం. ఆ రెండో ప్రశ్నకు సమాధానాన్ని ఇలాంటి ఊరి పేర్లలో, మనుషుల పేర్లలో, వాడుకపదాలలో వెదకడం తెలుగు పరిశోధకుల బాధ్యత.