నిమ్మచెట్టు మొదట్లో ఉప్పు

గట్టు అనే ఊళ్ళో మా ఇంటి వెనక ఇప్పుడొక సిమెంటు గొయ్యి ఉంది. గోడల నీలం టైల్స్ సగం ఊడిపోయాయి. అడుగున వానకు కొట్టుకొచ్చిన మన్ను, ఆ మన్నులో ఎవరిదో పిల్లవాడి ప్లాస్టిక్ చెప్పు ఒకటి. గొయ్యికి పది అడుగుల దూరంలో ఎండిన మోడు. ముందే చెబుతున్నాను, ఈ కథలో చివరికి బాగుపడేదేమీ లేదు. అయినా చెప్పుకోవాలనిపిస్తోంది, పోయినవాళ్ళ గురించి చెప్పుకున్నట్టు.

మాది నడిగడ్డ. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర. నడుమ మేము, మొగులు దిక్కు చూసి బతికేవాళ్ళం. ఇప్పుడు గొయ్యి ఉన్నచోటే మా తాతల నాటి మోటబావి ఉండేది. నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి నాయిన మా ఇద్దరినీ అందులోకి తోశాడు. అన్న మొదటి వారానికే బుర్రలు విప్పేశాడు. నేను మూడు ఎండాకాలాలు విప్పలేదు. మధ్యాహ్నమైతే వాడకట్టు పిల్లలంతా ఆ బావిలోనే. మెట్ల మీద పాచి, నీళ్ళలో ఆకాశం, పై నుంచి దూకే అన్న నీడ. నాకు బాల్యమంటే అంతే.

చుట్టూ బోర్లు పడ్డాయి. ఒక ఏడు బావి అడుగు కనిపించింది. మరుసటి ఏడు ఆ అడుగు నెర్రెలిచ్చింది. పూడ్చేశాం. పూడ్చిన రోజు అన్న ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఫోనులో సంగతి చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత "నిమ్మచెట్టు భద్రం" అన్నాడు. బావి గడ్డ మీద అమ్మ నాటిన చెట్టు అది. వాడకట్టులో ఎవరింట్లో ఊరగాయ పెట్టినా, ఎవరికి వడదెబ్బ తగిలినా కాయలు ఆ చెట్టువే.

2017లో అన్న తిరిగొచ్చాడు. బావి పూడ్చిన చోటే తవ్వించి, అరవై వేల లీటర్లు పట్టే ఈత కొలను కట్టించాడు. తాగే నీళ్ళకే కటకటలాడే గట్టులో ఇదేం వేడుకని ఊరు నవ్వింది. నిజం చెప్పాలంటే నేనూ సిగ్గుపడ్డాను. అన్న మాత్రం "బావి అందరిదీ ఉండె. ఇదీ అట్లనే ఉంటది" అని వెనక తలుపుకు గొళ్ళెం కూడా పెట్టించలేదు. అంచుల చుట్టూ షాబాద్ బండలు పరిపించాడు. 2018 జూన్‌లో గట్టు ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగిన రోజు కొలనులో పిల్లలందరికీ మిఠాయిలు పంచాడు. నీళ్ళొస్తున్నాయన్న మాటకే పొంగిపోయే మనిషి.

నీటిని శుభ్రంగా ఉంచడానికి క్లోరిన్ బిళ్ళలు వాడేవాడు. ఎండకు క్లోరిన్ నశించిపోకుండా ఆ బిళ్ళల్లోనే సయన్యూరిక్ ఆమ్లం కలిసి ఉంటుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఆమ్లం మాత్రం ఎక్కడికీ పోదు. బిళ్ళ మీద బిళ్ళ వేసేకొద్దీ నీళ్ళలో పేరుకుంటుంది. పేరుకునేకొద్దీ క్లోరిన్ మందగిస్తుంది. మూడో ఎండాకాలానికి నీళ్ళు పచ్చబడ్డాయి, ఘాటైన వాసన పట్టుకుంది, పిల్లల కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ మంట క్లోరిన్ ఎక్కువై కాదు. పిల్లల చెమటా మూత్రమూ క్లోరిన్‌తో కలిసి పుట్టిన క్లోరమైన్లవల్ల. మాకు ఆ తేడా తెలియదు.

మందు చిన్నదే. సగం నీళ్ళు తీసేసి కొత్త నీళ్ళు నింపితే చాలు. ఆ మాట చెప్పినవాడు కూడా ఉన్నాడు. అన్న వినలేదు. "ముప్పై వేల లీటర్లు పారబోయాల్నా? గట్టులనా?" అన్నాడు. బిందె నీళ్ళకు రెండు మైళ్ళు నడిచిన తల్లి కొడుకు ఇంకేమంటాడు? ఇన్నేళ్ళ తరవాత ఆలోచిస్తే, ఆ కొలను పాడైంది ఎవరి దురాశవల్లా కాదు. నీటిమీద గౌరవంవల్ల. అందుకే నాకు కోపం రాదు, ఏడుపొస్తుంది.

ఆస్ట్రేలియాలో అన్న ఇంటి చుట్టుపక్కల అన్నీ ఉప్పునీటి కొలనులేనట. కళ్ళు మండవనీ, బిళ్ళల పీడ ఉండదనీ చూసొచ్చాడు. నీళ్ళు పారబోసే బదులు మన కొలనునూ అట్లా మారుద్దామన్నాడు. అవి క్లోరిన్ లేని కొలనులని మేమంతా అనుకున్నాం. కాదు. ఉప్పు కలిపిన నీళ్ళు టైటానియం పలకల మధ్య నుంచి పోతుంటే, కరెంటు ఆ ఉప్పులోంచే క్లోరిన్ పుట్టిస్తుంది. పని అయ్యాక అది మళ్ళీ ఉప్పవుతుంది. అదే క్లోరిన్, తయారయ్యే చోటు మారిందంతే.

2020 శివరాత్రి మరునాడు, యాభై కిలోల ఉప్పు బస్తాలు నాలుగు విప్పాం. లీటరుకు మూడు గ్రాముల పైచిలుకు. సముద్రంలో పదో వంతు. అన్న నీళ్ళలో దిగి పొడుగు చీపురుతో కలుపుతుంటే అమ్మ వంగి ఒక చుక్క నాలుకమీద వేసుకుంది. "కండ్లనీళ్ళంత గూడ లేదుగదరా" అంది. సరిగ్గానే చెప్పింది. కన్నీళ్ళలో ఉప్పు దీనికి మూడింతలు దాకా ఉంటుంది.

ఆ రోజు కొలను అంచు చూసిన మేస్త్రి ఒకడు తల గోక్కుంటూ "ఉప్పుకు షాబాద్ బండ ఆగదు సారూ. గోడకు చౌడు పట్టినట్టు పొట్టు లేస్తది" అన్నాడు. అన్న నవ్వి టీ తెప్పించాడు. బోరు నీళ్ళలో సున్నం ఎంతుందో పరీక్ష చేయించుకోమని ఆ పలకల యంత్రం బిగించిన కుర్రవాడన్నాడు. సరే అన్నాం, చేయించలేదు.

మూడోది ఎవరూ చెప్పలేదు. ఎవరో చెప్పాల్సిన పని కూడా లేదు. ఇసుక ఫిల్టరును వారానికోసారి వెనక్కి కడిగితే వచ్చే మురికినీళ్ళ గొట్టం, మొదటినుంచీ నిమ్మచెట్టు పాదులోకే ఉంది. నీళ్ళు వృథా పోగూడదని అన్నే పెట్టించాడు. ఉప్పు పోసిన రోజు ఆ గొట్టాన్ని పక్కకు తిప్పాలని మాలో ఒక్కరికీ తోచలేదు. పది అడుగుల గొట్టం, రెండు వంపులు, ఒక పూట పని.

ఆ తరవాత వచ్చిన ఎండాకాలమంత అందమైనది మా ఇంట్లో మళ్ళీ రాలేదు. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్. పట్నంనుంచి మనవలు, మనవరాళ్ళు అందరూ గట్టులోనే చిక్కుకున్నారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎవరి కళ్ళూ మండలేదు. రాత్రుళ్ళు వెన్నెట్లో అన్న పిల్లల నడుములకు సొరబుర్రలు కట్టి ఈత నేర్పాడు. ఎక్కడ సంపాదించాడో తెలియదు. అమ్మ కొలను అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టి, నిమ్మకాయ పులిహోర ముద్దలు కలిపి ఒక్కొక్కరి నోట్లో పెట్టేది. ఆ పులిహోరలో పిండింది కూడా ఆ చెట్టు కాయలే. ఇక్కడే ఆగిపోవాలనిపిస్తుంది నాకు.

ఆ వెన్నెల కిందే వారానికి నాలుగు వందల లీటర్లు, అంటే కిలోకు పైగా ఉప్పు, చెట్టు మొదట్లోకి పోతూనే ఉంది. నిమ్మజాతి ఉప్పుకు అసలే ఓర్వదు. మా వానలు దాన్ని వేళ్ళ కిందికి కడిగేంత వానలు కావు. దసరాకు ఆకుల కొనలు మాడాయి. తెగులనుకుని మందు కొట్టించాం. ఎండనుకుని ఇంకా నీళ్ళు పెట్టాం. ఆ నీళ్ళే. కార్తీకంలో ఒక పొద్దున అమ్మ పాదులో మన్ను తీసి చప్పరించింది. ఉమ్మలేదు. కాసేపు అట్లాగే నిలబడి "నిమ్మకాయను ఉప్పుల ఊరేస్తరు. మీరు చెట్టునే ఊరేస్తిరి గదరా" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

చౌడు నేల ముఖం చూసి గుర్తుపట్టే రైతు బిడ్డలం మేము. తెల్లగా పొక్కిన మన్నుమీద కాలు పెట్టి, ఇది పనికిరాదని చెప్పగలిగినవాళ్ళం. మా పెరట్లోకి మా చేతులతో చౌడు తెచ్చుకున్నాం.

మిగతాది త్వరగా చెబుతాను. ఇలాంటి కొలనులో నీటి క్షారగుణం తనంతట తానే పెరుగుతుంటుంది, ఆమ్లం పోసి దించుతుండాలి. లాక్‌డౌన్‌లో ఆమ్లం దొరకలేదు, కుర్రవాడు రాలేకపోయాడు. బోరునీళ్ళ సున్నం పలకలమీద తెల్లగా గడ్డకట్టింది. అన్న దాన్ని స్క్రూడ్రైవరుతో గీకాడు. సున్నంతోపాటు పలకలమీది విలువైన పూత కూడా పోయింది. స్టీలు నిచ్చెన తుప్పు పట్టింది. బండలు, మేస్త్రి అన్నట్టే, పొరలు పొరలుగా లేచాయి.

2021లో కొలను ఖాళీ చేయించాం. పొలాల దిక్కు పోనివ్వకుండా, ఊరి బయట రాళ్ళ బోడుమీద పారబోయించాం. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. సగం నీళ్ళు పారబోయడానికి చేతులు రానివాడు, గేటు దగ్గర నిలబడి పన్నెండూ లెక్కపెట్టాడు. పన్నెండోది కదిలాక లోపలికొచ్చి, చాలా ఏళ్ళ తరవాత, అమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాడు. ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాడు. గట్టు మాటెత్తితే టీవీ శబ్దం పెంచుతాడు.

చెట్టు చివరి కాపుతో అమ్మ పెట్టిన ఊరగాయ జాడీలో అడుగున నాలుగు ముక్కలు మిగిలాయి. ఎవరం తీయలేదు.

మీ ఇంటి వెనక కొలనుండి, అందులో ఉప్పు కలపాలనుకుంటున్నారా? బస్తా మూతి విప్పే ముందు, ఆ మురికినీళ్ళ గొట్టం వెంట ఒక్కసారి నడవండి. అది ఎవరి పాదులో ఆగుతుందో చూసి రండి.