ఆలం ఆరా ఆవాజ్

మా చిలకలూరిపేట పాత ఖాందాన్లలో సినిమాల్లో ఆడపిల్లల మాటెత్తితే చాలు, "తౌబా తౌబా" అని చెంపలేసుకునేవాళ్లు. జుబేదా కథ వాళ్లకెవరూ చెప్పలేదేమో.

ఆమె 1911లో సూరత్‌లో పుట్టింది. అమ్మీ ఫాత్మా బేగం ఉర్దూ నాటకాల్లోంచి వచ్చి 1922లో 'వీర్ అభిమన్యు' మూకీలో వేషం వేసింది. ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే కడుతున్న రోజులవి! 1926లో 'బుల్‌బులే పరిస్తాన్' తీసి మన ముల్క్‌లో మొదటి మహిళా డైరెక్టరయింది. ఏం హిమ్మత్! కూతుళ్లు ముగ్గురూ, సుల్తానా, జుబేదా, షెహజాదీ, తెరకెక్కారు. జుబేదా అప్పటికి చిన్నపిల్ల.

మూకీకి మొహం చాలు. టాకీకి జబాన్ కావాలి. అప్పటి పెద్ద స్టార్ సులోచనకి హిందుస్తానీ సరిగా రాదు, జుబేదాకి సాఫీగా వచ్చు. అలా 'ఆలం ఆరా'కి ఆమే హీరోయిన్. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో ఆడితే, జనాన్ని ఆపడానికి పోలీసుల్ని పిలిచారు. మన ఎల్.వి. ప్రసాద్‌కీ అందులో ఓ చిన్న వేషం. దర్శకుడు అర్దేషిర్ ఇరానీ దగ్గర పనిచేసిన హెచ్.ఎం. రెడ్డే తర్వాత తెలుగులో 'భక్త ప్రహ్లాద' తీశాడు.

జుబేదా హైదరాబాద్ రాజా నర్సింగీర్ ధన్‌రాజ్‌గీర్‌ని పెళ్లాడి మన వైపు బహూ అయింది. 1988లో ఇంతెఖాల్ అయింది.

'ఆలం ఆరా'లో ఏడు పాటలు. ఫోటోలు మిగిలాయి గానీ ప్రింటు ఒక్కటీ దొరకలేదు. ఆ మొదటి టాకీలో ఆమె ఎలా మాట్లాడిందో వినాలని నాకు మహా తమన్నా.