మోటారు ఎవరి గులాం?

మా మామూజాన్‌ది ఖరాద్ పని. హైదరాబాద్ ఆజమాబాద్‌లో ఒక రేకుల షెడ్డులో ముప్ఫై ఏళ్లు లేత్ మిషన్ ముందు నిలబడ్డాడు. వర్నియర్ బయటికి తీయకముందే ముక్కను వేలితో తడిమి, "ఇంకొక్క బాల్ బరాబర్ తీయాలె" అనేవాడు. తీసి కొలిస్తే సరిగ్గా అంతే ఉండేది. షాగిర్దులందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేవాళ్లు.

1990ల చివర్లో ఆ షెడ్డులోకి సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్ వచ్చింది. ఏ ముక్క ఎంత కోయాలో ఆఫీసు గదిలో కూర్చున్న అబ్బాయి కంప్యూటర్‌లో రాసి పంపేవాడు. "ముక్క పెట్టుడు, బటన్ నొక్కుడు, ముక్క తీసుడు. గింతే బేటా నౌకరీ" అని మామూ నవ్వేవాడు. ఆ నవ్వులో ఖుషీ ఉండేది కాదు.

కొన్నేళ్లకు ఆ మిషన్ ఆగిపోయింది. ఇనుము బాగానే ఉంది. మోటార్లను నడిపే డబ్బా, దాన్నే సర్వో డ్రైవ్ అంటారు, అది కాలిపోయింది. అమ్మినవాళ్లు ఆ మాడల్ బంద్ అయిందన్నారు. లోపలి సర్క్యూట్ నక్షా అడిగితే కుదరదన్నారు. కొత్త సెట్టు ధర విని సేఠ్ మిషన్‌ను తుక్కు రేటుకి అమ్మేశాడు. కొన్నది మామూ కొడుకే. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసిన మా భాయ్. "డ్రైవ్ నేనే తయారు చేస్త" అన్నాడు.

మంచి ఖబర్ దొరికిందని నోట్‌బుక్ పట్టుకుని వెళ్లాను. ఒక రోజులో రాసేద్దామనుకున్నాను. కానీ భాయ్ చెప్పిన ఒక్కో మాట వెనక ఒక్కో తవారీఖ్ ఉందని తెలిసి, నెలలపాటు పుస్తకాల్లో పడిపోయాను. దోస్తులారా, ఆ కథే ఇది.

ముందు 'సర్వో' అనే మాట. లాటిన్‌లో 'సెర్వుస్' అంటే గులాం. 1873లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఫార్కో అనే ఇంజనీరు ఓడల చుక్కానిని ఆవిరి యంత్రంతో తిప్పే ఏర్పాటు గురించి ఒక కితాబ్ రాసి, ఆ యంత్రానికి 'సర్వో మోటార్' అని పేరు పెట్టాడు. గులాం చేసిన మోటారు అన్నమాట. మనిషి చిన్న చక్రాన్ని ఎంత తిప్పితే, పెద్ద యంత్రం చుక్కానిని అంతే తిప్పుతుంది. హుకుం ఇస్తే సరిపోదు, ఎంత తిరిగిందో వెనక్కి ఖబర్ రావాలి. ఆ వాపస్ వచ్చే ఖబర్‌నే ఫీడ్‌బ్యాక్ అంటారు. అది లేనిది మామూలు మోటారు, అది ఉన్నది సర్వో.

ఈ వాపసు ఖబర్ ఆలోచన ఇంకా పాతది. మా ఉర్దూ మీడియం బడిలో 'హీలా' అంటే సాకు అనే నేర్పారు, హీలా బహానా అంటాం కదా. అరబ్బీలో దానికి యుక్తి, తరకీబ్ అనే అర్థం కూడా ఉంది. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో బనూ మూసా అనే ముగ్గురు అన్నదమ్ములు 'కితాబ్ అల్ హియల్' రాశారు. అందులో దాదాపు వంద తరకీబులున్నాయి. నూనె తగ్గితే తానే నింపుకునే చిరాగ్, వత్తిని తానే పైకి జరుపుకునే చిరాగ్ కూడా వాటిలో ఉన్నాయి. నూనె మట్టం ఎంతుందో ఆ దీపానికే 'తెలుస్తుంది'. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి గుండ్ల గవర్నర్ పెట్టాడు. వేగం పెరిగితే గుండ్లు పైకి లేచి ఆవిరిని తగ్గిస్తాయి. కొన్ని గవర్నర్లు మాత్రం యంత్రాన్ని కుదురుగా ఉండనిచ్చేవి కావు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ, అట్లా ఊగుతూనే ఉండేవి. ఎందుకు ఊగుతాయో 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ లెక్కగట్టి చూపాడు. ఆ ఊగుడు తర్వాత మా భాయ్ షెడ్డులో నా కళ్లతోనే చూశాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపేసింది 1922 నాటి సంగతి. రష్యాలో పుట్టి అమెరికా చేరిన నికొలస్ మినోర్‌స్కీ, ఓడ తనంతట తాను దారి పట్టి పోవడం ఎట్లా అని ఒక వ్యాసం రాశాడు. దానికోసం ఆయన చూసింది చుక్కాని పట్టే మనుషుల్ని. తజుర్బా ఉన్నవాడు ఓడ ఇప్పుడు ఎంత పక్కకి పోయిందో మాత్రమే చూడడు. ఎంత జోరుగా పోతోందో చూస్తాడు. ఎంతసేపటి నుంచి ఒకే పక్కకి లాగుతోందో గుర్తు పెట్టుకుంటాడు. ఈ మూడింటి హిసాబ్‌నే ఈరోజు పీఐడీ అంటారు. ప్రపంచంలో నడిచే సర్వో డ్రైవుల్లో చాలావాటి లోపల ఉండేది ఈ మూడు ముక్కల లెక్కే. అంటే ఆ లెక్క పుట్టింది ఒక కారీగర్ చేతిని గమనించి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల మీదికి ఫిరంగుల్ని తిప్పడానికి సర్వోలు కావాల్సి వచ్చాయి. అమెరికాలో ఎంఐటీ 1940లో సర్వోమెకానిజమ్స్ లాబొరేటరీ మొదలుపెట్టింది. మిషిగన్ రాష్ట్రంలోని ట్రావర్స్ సిటీలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కలు చేసేవాడు. ఆయన కాలేజీ డిగ్రీ లేని మనిషి. రెక్క వంపుకి ఫర్మా కోయడం కష్టంగా ఉండేది. ఆయన, ఆయన దగ్గరి ఇంజనీరు ఫ్రాంక్ స్టూలెన్ కలిసి ఐబీఎం పంచ్ కార్డు మిషన్ మీద ఆ వంపులో 200 బిందువుల లెక్క తీశారు. తర్వాత మిల్లింగ్ మిషన్ దగ్గర ఒకడు అంకెలు చదివేవాడు, ఒకడు అడ్డం చక్రం, ఇంకొకడు నిలువు చక్రం తిప్పేవారు. ఆ ఇద్దరి చేతుల జాగాలో మోటార్లు పెడితే ఎట్లా ఉంటుందన్నదే పార్సన్స్ ఆలోచన. 1949లో అమెరికా ఎయిర్ ఫోర్స్ దానికి పైసలిచ్చింది. సర్వోల ఇల్మ్ కోసం ఆయన ఎంఐటీ తలుపు తట్టాడు. కొద్ది కాలానికే పని మొత్తం ఎంఐటీ చేతికి పోయింది, పార్సన్స్ పక్కకి అయిపోయాడు. 1952లో ఎంఐటీ తన మిషన్‌ను లోకానికి చూపించింది. సిన్సినాటి హైడ్రోటెల్ అనే మిల్లింగ్ మిషన్‌కి వందల వాక్యూమ్ ట్యూబుల అల్మారీ తగిలించారు. హుకుం కాగితం టేపు మీద రంధ్రాల్లో ఉండేది. పార్సన్స్, స్టూలెన్‌లకు నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ దక్కింది 1985లో.

ఆ రోజుల్లోనే ఇంకో రాస్తా కూడా ఉండేది. జనరల్ ఎలక్ట్రిక్ లాంటి కంపెనీలు 'రికార్డ్ ప్లేబ్యాక్' అనే పద్ధతి తయారు చేశాయి. ఉస్తాద్ మొదటి ముక్క చేతితో కోస్తాడు. ఆయన కదలికలు మాగ్నెటిక్ టేపు మీద ఎక్కుతాయి. తర్వాతి ముక్కల్ని టేపు కోస్తుంది. ఇందులో హునర్ ఉస్తాద్‌దే. ఈ రాస్తా ఎందుకు మూతపడిందో డేవిడ్ నోబెల్ అనే చరిత్రకారుడు 1984లో 'ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్' పుస్తకంలో రాశాడు. మాలికులకీ మిలిటరీకీ కావాల్సింది ముక్క ఒక్కటే కాదు, షెడ్డు మీద ఇఖ్తియార్ కూడా, అది కారీగర్ చేతి నుంచి ఆఫీసు కాగితంలోకి పోవాలి అన్నది ఆయన వాదం. ఈ మాటతో ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఐదు దిక్కులా తిరిగే వంపుల్ని చేతితో కోసి రికార్డు చేయడం కుదరదు కదా అంటారు. అదీ నిజమే. కానీ రేకుల షెడ్డులో మామూ ముఖం చూసినవాణ్ని, నోబెల్ మాటను కొట్టిపారేయలేను. జనరల్ ఎలక్ట్రిక్‌లో నౌకరీ చేసిన కర్ట్ వానెగట్ అదే 1952లో 'ప్లేయర్ పియానో' అనే నవల రాశాడు. అందులో రూడీ హెర్ట్జ్ అనే ముసలి కారీగర్ ఉంటాడు. ఆయన చేతి కదలికలు టేపు మీద ఎక్కాయి, ఆయన నౌకరీ పోయింది. తన చేతిని రికార్డు చేసుకున్నారని పాపం ఆయనకి ఫఖర్ కూడా.

తర్వాతి ముప్ఫై ఏళ్ల కథ త్వరగా చెప్తాను. నూనె ఒత్తిడితో నడిచే మోటార్లు పోయి కరెంటు సర్వోలు వచ్చాయి. జపాన్ ఫానుక్ 1970లలో ఆ దారి పట్టి దునియా అంతా పాకింది. మైక్రోప్రాసెసర్ వచ్చింది. అల్మారీ చిన్న డబ్బా అయింది. ఆ డబ్బాకి సీలు పడింది. మొదట కారీగర్ చేతిలోంచి పోయిన ఇల్మ్, ఇప్పుడు షెడ్డు సేఠ్‌కి కూడా అందని చోటికి చేరింది. డబ్బా కాలితే మిషన్ తుక్కే.

ఆ సీలుకి పగులు పెట్టింది కూడా ఒక సర్కారీ దఫ్తరే. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 1990లలో ఈఎంసీ అనే సీఎన్‌సీ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాసింది. సర్కారు పైసలతో రాసింది కనుక ఎవరి హక్కూ లేకుండా అందరికీ వదిలేసింది. శౌఖీన్లు దాన్ని పెంచారు. 2011 నుంచి దాని పేరు లైనక్స్‌సీఎన్‌సీ. పాత కంప్యూటర్ వెనక ప్రింటర్‌కి పెట్టే 25 పిన్నుల పోర్టు ఉంటే చాలు, అందులోంచి మిషన్‌కి హుకుం పంపవచ్చు. మిగిలింది ఆ హుకుం విని మోటారును తిప్పే డ్రైవ్. దాన్ని ఇంట్లో చేసుకునేవాళ్లు దేశదేశాల్లో పుట్టుకొచ్చారు. మా భాయ్ వాళ్లలో ఒకడు.

సామాన్ల కోసం కోఠీ గుజరాతీ గల్లీ తిరిగాం. డ్రైవ్ లోపల పని ఇట్లా సాగుతుంది. కంప్యూటర్ ఒక తీగ మీద స్టెప్ పల్సులు, ఇంకో తీగ మీద దిశ పంపుతుంది. మోటారు వెనక ఎన్‌కోడర్ ఉంటుంది. మా దాంట్లో చుట్టుకి 500 గీతలు. రెండు సిగ్నళ్ల అంచులన్నీ లెక్కబెడితే 2000. స్క్రూ ఒక చుట్టుకి 5 మిల్లీమీటర్లు జరుగుతుంది కనుక ఒక్కో లెక్క రెండున్నర మైక్రాన్లు. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే మామూ 'బాల్ బరాబర్'లో ఈ మిషన్‌కి 28 మెట్లు. పోర్టు సెకనుకి 25,000 పల్సులు పంపితే టేబుల్ నిమిషానికి 3,750 మిల్లీమీటర్లు పరిగెత్తుతుంది. మా పనికి అది కాఫీ.

అడిగిన లెక్కలోంచి వచ్చిన లెక్క తీసేస్తే మిగిలేది తప్పు. చిన్న మైక్రోకంట్రోలర్ ఆ తప్పు మీద పీఐడీ హిసాబ్ చేసి, మోటారుకి ఎంత కరెంటు ఇవ్వాలో చెబుతుంది. నాలుగు మాస్‌ఫెట్ల వంతెన ఆ కరెంటును ఇటూ అటూ మళ్లిస్తుంది. సెకనుకి 20,000 సార్లు ఆన్, ఆఫ్. చెవికి వినపడదు. ఒకే పక్కనున్న రెండు మాస్‌ఫెట్లు ఒకేసారి తెరుచుకుంటే కరెంటు మోటారులోకి పోకుండా నేరుగా కిందికి దూకుతుంది. అందుకే ఒకటి మూసుకున్నాక కొంచెం ఆగి రెండోది తెరవాలి. ఆ మైక్రోసెకను విరామం తక్కువ పెట్టి మొదటి రాత్రే నాలుగు మాస్‌ఫెట్లు పటపటా పేల్చాడు భాయ్. మామీ వంటింట్లోంచి "యా అల్లా!" అని ఉరికొచ్చింది.

బోర్డు ఆరోగ్యంగా ఉన్నా కంప్యూటర్‌తో జోడించడం వేరే తలనొప్పి. పోర్టుకి 5 వోల్టులు, మోటారుకి 60 వోల్టులు. ఒకటి ఇంకొకదాన్ని ముట్టుకోకుండా మధ్యలో ఆప్టోకప్లర్లు, అంటే వెలుతురుతో ఖబర్ దాటించే చిప్పులు పెట్టాం. మోటారు బ్రేకు వేసినప్పుడు జనరేటర్ అయి కరెంటును వెనక్కి తోస్తుంది, అది తినడానికి ఒక రెసిస్టర్. ఎమర్జెన్సీ బటన్ సాఫ్ట్‌వేర్‌ని అడగకూడదు, నేరుగా కరెంటే కోయాలి. ఆ బటనే మమ్మల్ని కాపాడింది. ఎన్‌కోడర్ తీగలు రెండు తారుమారుగా పెట్టాడు భాయ్. అప్పుడు వాపసు వచ్చే ఖబర్ ఉల్టా అవుతుంది, తప్పును తగ్గించాల్సిన మోటారు ఇంకా పెంచుకుంటూ పోతుంది. స్విచ్ వేయగానే టేబుల్ గోడవైపు ఉరికింది. మామూ నిమిషం తర్వాత ఆలోచించే మనిషి కాదు, ముందే బటన్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆపేశాడు.

తీగలు మార్చాక టేబుల్ నిలిచింది కానీ వణుకుతోంది. మాక్స్‌వెల్ లెక్కలోని ఊగుడు అదే. భాయ్ ల్యాప్‌టాప్‌లో అంకెలు మారుస్తూ రెండు రాత్రులు గడిపాడు. మూడో రోజు మామూ స్క్రూ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, "నువ్వు దూరంల ఉన్నా, దగ్గర్ల ఉన్నా ఒక్కతీరు కొడుతున్నవ్ రా" అన్నాడు. "నేను క్యారేజీ తెచ్చేటప్పుడు దూరముంటే జోరుగ తెస్త. జోరెక్కువైతే దగ్గరికి రాకముందే పట్టి ఆపుత. మళ్లీ మళ్లీ అదే బాల్ మిగిలిపోతుంటే, ఇంకొంచెం గట్టిగ తోస్త."

భాయ్ నా మొహం చూశాడు, నేను భాయ్ మొహం చూశాను. మినోర్‌స్కీ చుక్కాని మనిషి దగ్గర చూసిన మూడూ అవే. భాయ్ వేగాన్ని ఆపే అంకె పెంచాడు. మామూ చెయ్యి తీయకుండా "ఇంకా... ఇంకా... బస్" అన్నాడు. వణుకు ఆగింది.

ఇంట్లో చేసిన ఒక డ్రైవుతో కారీగర్ల జమానా వాపసు వస్తుందని నేను చెప్పను. ఆజమాబాద్ షెడ్డులో మామూ పోగొట్టుకున్న ఏళ్లు రావు. పెద్ద ఫ్యాక్టరీలో ఈ బోర్డు నిలబడుతుందనీ అనను. కానీ ఈ మిషన్ మళ్లీ ఆగితే నక్షా మా ఇంట్లోనే ఉంది, మాస్‌ఫెట్ గుజరాతీ గల్లీలో ఉంది. వంకర పోతే చెయ్యి వేసి చెప్పే మనిషి పక్కనే ఉన్నాడు. మోటారు గులామే, కానీ హుకుం మళ్లీ మా ఇంటి నుంచి పోతోంది.

ఆ రోజు కోసిన మొదటి అల్యూమినియం ముక్కను మామూ వర్నియర్‌కి ఇవ్వలేదు. వేలితో తడిమాడు. "ఒక బాల్ ఎక్కువున్నది" అన్నాడు. భాయ్ కొలిచాడు. ఉంది.