శీలావతి (గంజాయి రకం)

శీలావతి ఆంధ్రా–ఒడిశా సరిహద్దు కొండల్లో అక్రమంగా సాగయ్యే గంజాయి రకానికి వాడుక పేరు. పూర్వపు విశాఖపట్నం ఏజెన్సీలోని చింతపల్లి, గూడెంకొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాలు దీని సాగుకు పేరుపడ్డాయి. 2022 ఏప్రిల్ నుంచి ఇవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి.

భారతదేశపు నమూనాల ఆధారంగా ఇక్కడి గంజాయి మొక్కకు 1785లో వృక్షశాస్త్రవేత్త లామార్క్ ‘కన్నాబిస్ ఇండికా’ అనే పేరు పెట్టాడు. ఇండికా మగతనిస్తుందని, సటైవా అనే మరో రకం హుషారునిస్తుందని వ్యాపారులు చేసే విభజనకు రసాయనిక ఆధారం బలహీనం. ప్రభావాన్ని ప్రధానంగా నిర్ణయించేవి మొక్కలోని టీహెచ్‌సీ, సీబీడీ అనే రసాయనాల పాళ్లు, తీసుకున్న మోతాదు.

ఆడమొక్క పూతలోని జిగురులో టీహెచ్‌సీ అధికం. అది మెదడులోని సీబీ1 గ్రాహకాలపై పనిచేసి సడలింపు, మగత, ఆకలి కలిగిస్తుంది. నోరు ఎండడం, కళ్లు ఎర్రబడడం, గుండె వేగం పెరగడం, జ్ఞాపకశక్తి తాత్కాలికంగా తగ్గడం దుష్ప్రభావాలు. మోతాదు మించితే ఆందోళన, భ్రమలు కలగవచ్చు. దీర్ఘకాల వాడకం వ్యసనానికి, కొందరిలో తీవ్ర మానసిక రుగ్మతలకు దారితీయవచ్చు. కౌమారంలో మొదలుపెట్టినవారికి ముప్పు ఎక్కువ.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి సాగు, రవాణా, వినియోగం నేరాలు. 20 కిలోలకు మించితే వాణిజ్య పరిమాణం. దానికి శిక్ష 10 నుంచి 20 ఏళ్ల కఠిన కారాగారం. 2021లో పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు ధ్వంసం చేశారు. పట్టుబడిన సుమారు 2 లక్షల కిలోల సరుకును 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలోని కోడూరు వద్ద తగలబెట్టారు. ఏజెన్సీ రైతులకు కాఫీ, మిరియాలు, పసుపు వంటి ప్రత్యామ్నాయ పంటలను ప్రోత్సహిస్తున్నారు.