పాత జీపు ఎత్తు పెంచడం: కమాన్ పట్టీల పని, కొలతలు, జాగ్రత్తలు

రాయగడ, కోరాపుట్ కొండదారుల్లోను, సిరొంచ అడవి బాటల్లోను, పావగడ మెట్ట ప్రాంతాల్లోను పాత జీపులు నేటికీ కనబడుతూనే ఉంటాయి. విత్తనాల బస్తాలు మోయడానికి, వాగు దాటించడానికి, రాత్రివేళ రోగిని ఆసుపత్రికి చేర్చడానికి అక్కరకు వచ్చిన బండి కనుక దానిని వదులుకోవడానికి ఇంటివారికి మనసొప్పదు. అయితే ఏళ్లు గడిచేకొద్దీ బండి అడుగు రాళ్లకు తగలడం, గుంతల్లో బాడీ ఇనుముకు ఇనుము కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పుడు వినవచ్చే మాట ఒక్కటే: “నాలుగంగుళాలు ఎత్తు పెంచితే సరి.” ఆ పని ఎలా జరుగుతుంది, దానివల్ల ఏమి లభిస్తుంది, ఏమి పోతుంది, అసలు అవసరమా అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఏ బండ్లకు వర్తిస్తుంది

మహీంద్రా సంస్థ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించింది. ఆ వంశానికి చెందిన సీజే, ఎంఎం 540 వంటి జీపులకు ముందూ వెనుకా గట్టి ఇరుసులు, వాటికి కమాన్ పట్టీలు ఉంటాయి. 1985లో వచ్చిన మారుతి జిప్సీదీ ఇదే ఏర్పాటు. ఇక్కడ చెప్పేది ఇటువంటి బండ్లకే వర్తిస్తుంది. 2010లో వచ్చిన థార్‌కు వెనుక కమాన్ పట్టీలు ఉన్నా ముందు చక్రాల ఏర్పాటు వేరు. 2020 నాటి థార్‌లో నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులే. కనుక ఒక బండికి చేసిన పనిని మరొక బండికి అన్వయించరాదు.

ఎత్తు పెంచే మార్గాలు

మొదటిది పొడవు షాకిళ్లు వేయడం. కమాన్ కట్ట ఒక చివర పిన్నుతో ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. రెండవ చివర షాకిల్‌కు వేలాడుతుంది. ఇరుసు ఈ రెండింటి నడుమ ఉండడం చేత షాకిల్ పొడవు 2 అంగుళాలు పెంచితే బండి పెరిగేది సుమారు 1 అంగుళం మాత్రమే. ఇది చవకైన మార్గం. చిక్కులు మాత్రం తక్కువ కావు.

రెండవది కట్టలో అదనపు పట్టీ చేర్చడం. బరువు మోసే శక్తి పెరుగుతుంది. కాని ఖాళీ బండి బిర్రుగా మారి, ఎగుడుదిగుళ్లలో కూర్చున్నవారి నడుము విరగగొడుతుంది.

మూడవది ఎక్కువ వంపు గల కొత్త కట్టలు వేయడం. షాక్ అబ్జార్బర్లు, బ్రేకు గొట్టాలు కూడా దానికి తగినట్లు మార్చితే ఇది మొదటి రెండింటికంటే పద్ధతైన మార్గం.

నాలుగవది ఇరుసు కిందుగా ఉన్న కమాన్‌ను ఇరుసు మీదికి మార్చడం. దీనివల్ల సుమారు 5 అంగుళాల ఎత్తు వస్తుంది. కాని ఇరుసు గొట్టం మీద కొత్త పీఠాలు వెల్డింగు చేయాలి. స్టీరింగ్ కడ్డీలను, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను తిరిగి అమర్చాలి. వెల్డింగు ఊడినా, బిగింపు తప్పినా ఇరుసు తిరిగిపోతుంది. ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి ఇది తగిన పని కాదు.

ఎత్తు పెరిగితే ఏది పెరగదు

చాలామంది పొరబడేది ఇక్కడే. కమాన్ ద్వారా ఎత్తు పెంచినప్పుడు పైకి లేచేది బాడీ, ఛాసిస్, ఇంజను మాత్రమే. ఇరుసు చక్రంతో పాటు ఉన్నచోటనే ఉంటుంది. బాటలో రాయికి మొదట తగిలే భాగాల్లో డిఫరెన్షియల్ ఉన్న ఉబ్బెత్తు భాగం ముఖ్యమైనది. దాని కింది ఖాళీ ఒక్క నూలు కూడా పెరగదు. అది పెరగాలంటే టైరు పెద్దదవ్వాలి. టైరు వ్యాసం 3 అంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది ఒకటిన్నర అంగుళం.

పెద్ద టైరుకూ మూల్యం చెల్లించవలసిందే. పాత జీపుల 6.00-16 టైరు వ్యాసం సుమారు 28 అంగుళాలు. దాని స్థానంలో 31 అంగుళాల టైరు వేస్తే స్పీడోమీటరు 50 చూపినప్పుడు బండి నిజంగా 55 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ఇంజను లాగుడు చక్రం వద్ద పదో వంతు తగ్గుతుంది. పాత బ్రేకులపై భారమూ పెరుగుతుంది.

ఎత్తు పెరిగితే ఏమి చెడుతుంది

మొదటిది బండి నిలకడ. లెక్క కోసం ఒక జీపు చక్రాల నడుమ వెడల్పు 48 అంగుళాలు, గురుత్వ కేంద్రం నేలకు 25 అంగుళాల ఎత్తున ఉన్నదనుకుందాం. సగం వెడల్పును ఈ ఎత్తుతో భాగిస్తే 0.96 వస్తుంది. గురుత్వ కేంద్రం 4 అంగుళాలు లేస్తే అది 0.83కు పడిపోతుంది. అనగా కదలకుండా నిలిచిన బండి సుమారు 44 డిగ్రీల వాలు వరకు ఆగగలిగింది కాస్తా 40 డిగ్రీల లోపే పక్కకు పడిపోతుంది. మలుపులో వేగం, పైన వేసిన సామాను, వెనుక నిలబడిన మనుషులు తోడైతే ఈ హద్దు ఇంకా ఎంతో ముందే వస్తుంది.

రెండవది స్టీరింగ్. పాత జీపుల్లో ముందు కమాన్ షాకిల్ ముందు చివరన ఉంటుంది. దానిని పొడిగిస్తే కట్ట ముందు చివర కిందికి దిగి, ఇరుసు ముందుకు ఒరుగుతుంది. చక్రం తిరిగే కీలు వెనుకకు వాలి ఉండవలసిన కోణం తగ్గుతుంది. ఫలితంగా మలుపు తరువాత స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రాదు. రోడ్డుపై బండి అటూ ఇటూ తడబడుతుంది. కమాన్‌కు, ఇరుసుకు నడుమ ఏటవాలు ఉక్కు చీలిక పెట్టి ఈ కోణాన్ని సరిచేస్తారు.

మూడవది ప్రొపెల్లర్ షాఫ్ట్. ఎత్తు పెరిగేకొద్దీ షాఫ్ట్ వాలు పెరుగుతుంది. రెండు చివరలా ఉన్న క్రాస్ జాయింట్ల కోణాలు సమానంగా లేకపోతే బండి వణుకుతుంది, క్రాస్‌లు త్వరగా అరుగుతాయి. షాఫ్ట్ జారే భాగం మరీ బయటికి వస్తే ఊడిపడే ప్రమాదం కూడా ఉంది.

నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది, బ్రేకు గొట్టం. ఛాసిస్ నుండి ఇరుసుకు వచ్చే రబ్బరు గొట్టం పాత ఎత్తుకు సరిపడా పొడవే ఉంటుంది. చక్రం గుంతలోకి వేలాడినప్పుడు అది లాగుకుని తెగితే బ్రేకు పోతుంది.

పోయిన ఎత్తును తిరిగి తెచ్చుకోవడం

పాత జీపుకు కావలసింది చాలా సందర్భాల్లో కొత్త ఎత్తు కాదు. తయారైన నాటి ఎత్తే. దశాబ్దాల బరువుకు పట్టీల వంపు పోయి, బుష్‌లు అరిగి, షాకిల్ పిన్నులు సన్నబడి బండి కుంగుతుంది. కనుక ముందుగా కొలత తీయాలి. చదునైన నేలపై ఖాళీ బండిని నిలిపి, నాలుగు టైర్లలో గాలి సరిచూసి, ఇరుసు పైభాగం నుండి ఛాసిస్ వరకు నాలుగు చోట్లా కొలిచి రాసుకోవాలి. రెండు పక్కల తేడా ఉన్నా, పట్టీలు బల్లపరుపుగా లేదా ఎదురు వంపుగా కనబడినా కమాన్ అలసిపోయినట్లే.

పని క్రమం ఇది. చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు నిలపాలి. కేవలం జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరూ వెళ్లరాదు. ఇరుసును వేరుగా జాకీతో ఆపి, అది బ్రేకు గొట్టం మీద వేలాడకుండా చూడాలి. తరువాత యూ బోల్టులు విప్పి కట్టను దించి, పట్టీలు విడదీసి బ్రష్‌తో శుభ్రం చేయాలి. సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ పగుళ్లు ఉన్నాయేమో పరీక్షించాలి. పగిలిన పట్టీని వెల్డింగుతో అతికించరాదు; అదే వెడల్పు, అదే మందం గల కొత్తది వేయాలి.

వంపు తిరిగి పెట్టించేటప్పుడు పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి వదిలేస్తే ఉక్కు పదును పోయి కొద్దినాళ్లకే మళ్లీ కుంగుతుంది, లేదా విరుగుతుంది. చల్లగా ఉండగానే ప్రెస్సుపై గాని సుత్తితో గాని వంపు తేవాలి. కాల్చక తప్పకపోతే మళ్లీ పదును పెట్టే వసతి గల కమాన్ పనివారి వద్దనే చేయించాలి. మరీ అరిగిన కట్టకు బదులు అదే నమూనా కొత్త కట్ట వేయడమే మేలు. ముందు రెండూ, వెనుక రెండూ జతలుగా మార్చాలి.

తిరిగి బిగించేటప్పుడు సెంటర్ బోల్టు తల పీఠం రంధ్రంలో సరిగా కూర్చోవాలి. యూ బోల్టులు కొత్తవి వేసి, నాలుగు నట్లను ఒకదాని తరువాత ఒకటి మార్చి మార్చి సమంగా బిగించాలి. రబ్బరు బుష్‌లు ఉన్నచోట పిన్నుల చివరి బిగింపు బండి చక్రాల మీద నిలిచిన తరువాతే చేయాలి. లేనిచో రబ్బరు మెలిపడి చిరుగుతుంది. ఆపై స్టీరింగ్‌ను రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడాలి. బ్రేకు గొట్టం వదులు, షాక్ అబ్జార్బర్ పొడవు, హెడ్‌లైట్ వెలుగు పడే ఎత్తు సరిచూడాలి. 100 నుండి 200 కిలోమీటర్లు నడిచిన తరువాత యూ బోల్టులను మరొకసారి బిగించడం మరువరాదు.

చట్టం ఏమంటున్నది

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని మరొకసారి స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి వచ్చిన సవరణ ద్వారా చేరిన 182ఎ సెక్షను అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునని చెబుతున్నది. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత 5 ఏళ్లకొకసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. అప్పుడు ఈ మార్పులు అధికారి కంటబడతాయి. ప్రమాదం జరిగితే బీమా సొమ్ము విషయంలోనూ పేచీ వస్తుంది.

సరిహద్దు కుటుంబాలు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. పక్క రాష్ట్రంలో కొన్న బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి రిజిస్ట్రేషన్ సంఖ్య తీసుకోవాలి. అందుచేత ఇప్పటికే ఎత్తు పెంచిన పాత జీపు బేరానికి వస్తే పొడవు షాకిళ్లు, ఇరుసు మీది వెల్డింగు గుర్తులు, లాగుకున్న బ్రేకు గొట్టాలు చూసుకున్న తరువాతే సొమ్ము చెల్లించాలి. ఒకరు చేసిన మార్పుకు జవాబు చెప్పుకోవలసిన భారం కొన్నవారి మీద పడుతుంది.

పాత నమూనా కట్టలు, కొత్త బుష్‌లు, కొత్త యూ బోల్టులు వేయించడం చట్టరీత్యా మార్పు కాదు, మరమ్మతు మాత్రమే. ఆ తరువాత కూడా బాటలో బండి అడుగు తగులుతున్నదంటే వేగం తగ్గించి, చక్రాన్ని రాయి మీదుగా ఎక్కించి నడపడం నేర్వాలి. ఇంటివారందరినీ మోసే బండికి అంగుళాల కంటే నిలకడ ముఖ్యం.