బోయిన్ నదీతీరమందలి ప్రాచీన సమాధి

ఐర్లండు దేశమున భూవిభాగములలో మిక్కిలి చిన్నదానికి టౌన్‌లాండని పేరు. పేరున పట్టణమున్నను అది పట్టణము కాదు. కొన్ని కమతములు, కొన్ని ఇండ్లు, పచ్చికబయళ్లు గల చిన్న పొలిమేర. అట్టివి ఆ దేశమున 60,000కు పైగా కలవు. వానిలో నొకటియగు న్యూగ్రేంజి మీతు మండలమున బోయిన్ నది చెంత నున్నది. 1142లో స్థాపింపబడిన మెలిఫాంటు మఠమువారి వ్యవసాయక్షేత్రమగుటచే దానికా పేరు వచ్చినది. కాని యచ్చటి సమాధి ఆ మఠముకంటె నాలుగువేల యేండ్లకు పైగా ప్రాచీనము.

క్రీ. పూ. 3200 ప్రాంతమున నచ్చటి సేద్యగాండ్రు దీనిని నిర్మించిరి. దిబ్బ వ్యాసము సుమారు 85 మీటర్లు, ఎత్తు సుమారు 13 మీటర్లు. చుట్టును 97 పెద్దరాళ్లు పేర్చబడినవి. లోనికి 19 మీటర్ల ఇరుకు దారియు, దాని చివర నొక గదియు కలవు. సున్నము లేకయే, రాతిపై రాతిని కొంచెము ముందునకు జరిపి కట్టిన యా గది కప్పు నేటికిని కారదు. మధ్యయుగపు ఐరిషు కథలు ఈ దిబ్బను దగ్దా అను దేవతకును, అతని కుమారుడు ఏంగసుకును నివాసముగా చెప్పినవి. 1699లో భూమి యజమాని చార్లెస్ కాంప్‌బెల్ రాళ్లు తీయించుచుండగా దీని ద్వారము బయల్పడినది.

ఉదయసూర్యుని కిరణము ఏటికొకమారు లోపలి సుడిచెక్కడముల రాతిని వెలిగించునని ఆ ప్రాంతమువారు చెప్పుకొనెడివారు. ఇంగ్లండులోని స్టోన్‌హెంజి కథ ఇచ్చట కలిసిపోయినదని పలువురు తలచిరి. 1962 మొదలు త్రవ్వకములు జరిపిన కార్కు నగరపు ఆచార్యుడు మైకేల్ ఓకెల్లీ, వాకిటిపైన రాళ్లతో కట్టిన యొక చిన్న గవాక్షమును కనుగొనెను. దాని ప్రయోజనమేమో తొలుత బోధపడలేదు. వాకిలి ఆగ్నేయాభిముఖమగుటచే, ఆ కిరణము వచ్చినచో శీతకాలమందే రావలెనని ఆయన యూహించెను. 1967 డిసెంబరు 21న, అనగా ఉత్తరాయణ మారంభమగు వేళ, ఆయన తెల్లవారకమున్నే లోపల కూర్చుండెను. సూర్యుడుదయించిన కొలది నిమిషములకు వెలుగు గవాక్షము గుండ వచ్చి గది నేలపై ప్రాకెను. ఆ వెలుగు సుమారు 17 నిమిషములు నిలుచును. 1993లో యునెస్కో ఈ ప్రాంతమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

నోటిమాట శాసనము కాదు. పరీక్షింపక దానిని నమ్మరాదు. అట్లని పరీక్షింపకయే త్రోసివేయుటయు తగదు. పూర్వుల వలసకథలను పెద్దల నోటనే విని పెరిగిన మనము, ఆ పెద్దలుండగనే వానిని వ్రాసికొని, ఊరి పేర్లతోను, దస్త్రములతోను సరిచూచుకొనవలసియున్నది.