చిన్న గీటు - పెద్ద తగవు



నేను ముప్పదియైదేండ్లు తెలుగు పంతులుగా పనిచేసి విరమించినవాడను. పల్లెలో పంతులైనవానికి పాఠములు చెప్పుటయే కాక అర్జీలును, కరారునామాలును వ్రాసిపెట్టుటయు విధియే. ఆ పనిలో నావలన జరిగిన యొక పొరపాటుతో ఈ ప్రసంగమును మొదలిడుచున్నాను.

నా యుద్యోగపు తొలినాళ్లలో ఒక రైతు నన్ను పిలిపించి తన వీలునామా వ్రాయించుకొనెను. "ఆరెకరముల మాగాణి పెద్దవానికి, నడిపివానికి చిన్నవానికి సమముగా చెందవలెను" అని వ్రాసితిని. పెద్దవాని తరువాత కామా పెట్టితిని. నడిపివాని తరువాత పెట్టనైతిని. కొంతకాలమునకు ఆయన గతించెను. అప్పుడు పెద్దకుమారుడు "గీటున కీవల నేనొక్కడను, ఆవల వారిద్దరు. కావున నాకు మూడెకరములు, వారికి మూడు" అనెను. తమ్ములు "తలకు రెండెకరములు" అనిరి. రచ్చబండ మీద ఆ కాగితము తిరిగి నా చేతికే వచ్చెను. నా వ్రాతకు నేనే అర్థము చెప్పలేకపోతిని.

ఇట్టి తగవు మన యూరికే పుట్టినది కాదు. కామా చరిత్ర చాల పాతది. క్రీస్తునకు పూర్వము సుమారు 200 ప్రాంతమున, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయమునకు అధిపతియైన అరిస్టోఫేనీస్ అను గ్రీకు పండితుడు, చదువరి ఎచ్చట ఎంత నిలువవలెనో తెలుపుటకు అక్షరముల ప్రక్కను మూడెత్తులలో చుక్కలు పెట్టు పద్ధతిని ఏర్పఱచెను. వాక్యమునుండి తెగిన చిన్న తునకకు గ్రీకులు "కామా" అని పేరిడిరి. ఆ పేరే పిమ్మట గుర్తునకు వచ్చినది. నేడు మనమెఱిగిన వంకర గీటు 15వ శతాబ్ది చివర వెనిస్ నగరమున ఆల్డస్ మనూషియస్ ముద్రించిన గ్రంథములతో స్థిరపడినది.

ఆంగ్లేయులు వస్తువుల పట్టిక వ్రాయునపుడు కడపటిదానికి ముందు "మరియు" అను నర్థము గల మాట నుంతురు. "బియ్యము, పప్పు, నెయ్యి మరియు బెల్లము" అన్నట్లు. ఆ "మరియు" నకు ముందు కూడ కామా వలయునా, వలదా అనునదే వారి వివాదము. ఆక్స్ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయాధికారి హొరేస్ హార్ట్ తన పనివారికై 1893లో కూర్చిన నియమములు 1904లో లోకమునకు వెలువడినవి. ఆ ముద్రణాలయము వలయునన్న పక్షము నవలంబించుటచే దానికి "ఆక్స్ఫర్డు కామా" అను పేరు కలిగినది. వార్తాపత్రికలవారు పెక్కురు, అర్థమునకు భంగము లేనిచోట వలదందురు.

ఇది పండితుల వినోదమని తలపకుడు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున, వారమునకు 40 గంటలకు మించి పనిచేసినవారికి ఒకటిన్నర రెట్లు కూలి నీయవలెనని చట్టము కలదు. ఆహారపదార్థములను ఎండబెట్టుట, నిలువచేయుట మున్నగు కొన్ని పనులకు మాత్రము ఆ నియమము వర్తింపదు. ఆ పట్టిక తుదిని "రవాణాకై కట్టుట" అను మాటయు "పంపిణీ" అను మాటయు అప్పుడు కామా లేకయే కలిసియుండెను. పాలబండ్లు తోలువారు "మినహాయించినది రవాణాకును పంపిణీకిని సరకు కట్టు పని మాత్రమే, మేము కట్టుట లేదు, తోలుచున్నాము" అనిరి. ఓక్హర్స్ట్ డెయిరీ అను యజమాని సంస్థ "పంపిణీ వేఱొక పని" అని వాదించెను. ఆ రాష్ట్రపు చట్టలేఖకుల నియమములే కడపటి కామాను వలదనుచున్నవి గదా అనియు చూపెను. 2017 మార్చిలో అప్పీలు న్యాయస్థానము అర్థము సందిగ్ధమని తేల్చి, తోలువారి పక్షముననే తీర్పు చెప్పెను. 2018లో ఏబది లక్షల డాలర్లకు రాజీ కుదిరినది.

మన పూర్వులు ఏమి చేసిరి? తాటాకు మీద గంటముతో వ్రాసినవారు మాటకు మాటకు నడుమ ఎడము కూడ విడువరైరి. పద్యము తుదిని గీటు గీచుటయే కాని కామా యెఱుగరు. అయినను సందిగ్ధము లేకుండుటకు సాధనము భాషలోనే కలదు. "రాముడును లక్ష్మణుడును సీతయు" అన్నప్పుడు ప్రతి పేరునకు సముచ్చయము తగిలియున్నది. ఎవరు ఎవరితో జతయో అను శంక లేదు. అచ్చుయంత్రముతో కామా వచ్చినది. అది మేలే చేసినది. అయితే దానిని నమ్మి మనము సముచ్చయమును విడిచితిమి. నేను వీలునామాలో "పెద్దవానికిని నడిపివానికిని చిన్నవానికిని" అని వ్రాసియున్నచో తగవే లేకపోవును. బాలవ్యాకరణము చదివిన నాకే ఈ మతిమఱపు!

ఆ దినమున తల్లి గడప దాటి వచ్చి, "ముగ్గురును నా కడుపున పుట్టినవారే. తలకు రెండెకరములని ఆయన నాతో చెప్పినారు" అనెను. పెద్దవాడు తలవంచెను. పొలము సమముగానే పంచిరి. కాని రెండు సంక్రాంతులు అన్నదమ్ములు ఒక్క పంక్తిని కూర్చుండలేదు. అది నా చేతి పాపము.

నాటినుండి నేనొక నియమము పాటించుచున్నాను. పొలము, రూకలు, హక్కులు వ్రాయునపుడు గీటు మీద భారము మోపరాదు. "ముగ్గురికిని తలకు రెండెకరముల చొప్పున" అని లెక్క తేల్చి వ్రాయవలెను. కడపటి కామా పెట్టినను పెట్టకున్నను, వ్రాసినదానిని వాటా తగ్గు మనుష్యుని కన్నులతో ఒకసారి చదువవలెను. కాగితము వ్రాయించు పెద్దలును, సంతకమునకు ముందు దానిని బిగ్గరగా చదివించి, "ఎవరికెంత?" అని యడుగుదురుగాక.

సెలవు.